గ్యాస్ బండతో ఎడారి దాటాం

నేను గెలిచిన యుద్ధం ఒకటుంది. ఆ మాట అంటే మా ఆయన ఇప్పటికీ పగలబడి నవ్వుతాడు. "అవునవును, తుపాకులోళ్ళందరూ నిన్ను చూసే పారిపోయినారు" అంటాడు. అందరూ పారిపోయారని నేనెప్పుడూ చెప్పలేదు. ఒక్కడు మాత్రం నన్ను చూసే పారిపోయాడు. ఆ పరుగు కళ్ళారా చూశాను, ఆయనా చూశాడు. ఒప్పుకోవడానికి మగతనం అడ్డొస్తుంది, అంతే.

కువైట్ మీద ఇరాక్ సైన్యం వచ్చిపడ్డ ఏడాది సంగతి ఇది. అప్పటికి నేనూ మా ఆయనా కడప జిల్లా నుంచి వెళ్ళి ఒకే కువైటీ ఇంట్లో పని చేస్తున్నాం. ఆయన డ్రైవరు, నేను వంటమనిషిని. ఇంటి యజమానురాలిని మామా అనేదాన్ని, ఆమె అత్తగారిని పెద్దమామా అనేదాన్ని. చలికాలం వచ్చిందంటే ఆ ఇంటిల్లిపాదీ ఎడారిలో డేరాలు వేసుకుని వారాల తరబడి ఉండేవాళ్ళు. చల్లగాలి, మంట చుట్టూ కబుర్లు, వాళ్ళకు అదే తిరునాళ్ళు. వాళ్ళ కోసం వంటిల్లు మాత్రం చక్రాల మీద కదిలి వచ్చేది. దాన్ని కారవాన్ అనేవాళ్ళు. వానెట్ వెనక, అంటే పికప్పు వెనక, తగిలించి లాక్కుపోయే చిన్న ఇల్లది. పడుకోవడానికి బల్లలు, చేతులు కడుక్కోవడానికి తొట్టి, గ్యాస్ పొయ్యి, గ్యాస్ మీదే నడిచే ఫ్రిజ్ ఉండేవి. ముందువైపు ఒక ఇనప పెట్టెలో గ్యాస్ బండలు నిలబెట్టేవాళ్ళు. అక్కడి నుంచి గొట్టం లోపలి పొయ్యికి వచ్చేది.

ఆ కారవాన్‌కు నన్ను రాణిని చేసింది పెద్దమామా. రాణి అని నేనే అనుకునేదాన్ని, ఆమె మాత్రం నన్ను 'ఓ మొద్దూ' అనే అర్థం వచ్చే మాటేదో పెట్టి పిలిచేది. ముసలామెకు గ్యాస్ అంటే భయం. కట్టెల పొయ్యి మీద పిల్లల్ని పెంచిన మనిషి. అందుకే నా మీద నిఘా పెట్టేది. పొద్దున్నే నేను కారవాన్ తలుపు తీయగానే అగ్గిపెట్టె లాక్కునేది. ముందు కింద కూర్చుని నేలను వాసన చూడమనేది. "గాజ్ నీళ్ళలాంటిది, పైకి పోదు, కిందికే పోతుంది, నీ ముక్కేమో పైన ఉంది" అని తిట్టేది. నేను మోకాళ్ళ మీద కూర్చుని, మేక గడ్డి వెతికినట్టు వాసన చూసి, ఏమీ లేదని చెప్పాకే అగ్గిపెట్టె ఇచ్చేది. మొదట్లో ఏడుపొచ్చేది. తర్వాత అదే అలవాటైపోయింది. ఇవాళ్టికీ ఎవరింటికి వెళ్ళినా వాళ్ళ వంటింట్లో నా ముక్కు ముందుగా పొయ్యి కిందికే పోతుంది. చుట్టాలు దాన్ని తప్పుగా అర్థం చేసుకుంటారు.

ఆమె దగ్గర నేర్చుకున్నవే చాలా ఉన్నాయి. బండి కదిలేముందు పొయ్యి మర ఒక్కటే కాదు, పెట్టెలో బండ మీది మర కూడా కట్టాలి. ఫ్రిజ్ ఆర్పాలి. బండ నిలువుగానే ఉండాలి, పడుకోబెట్టకూడదు, పటకాతో బిగించాలి. పొయ్యి వెలుగుతున్నంతసేపూ కిటికీ తెరిచే ఉండాలి, ఎంత చలైనా సరే. ఎక్కడైనా కారుతోందని అనుమానమొస్తే అగ్గిపుల్లతో వెతకడం చచ్చేవాళ్ళ పని. సబ్బు నురగ పూసి చూడాలి, బుడగలు లేస్తే అక్కడే కారుతోందన్నమాట. అన్నిటికంటే ముఖ్యమైనది, బండల పెట్టె అడుగున ఒక రంధ్రం, పొయ్యి కింద నేలలో ఒక రంధ్రం ఉండేవి. అరచేయంత వెడల్పు, పైన జల్లెడ. గ్యాస్ కారితే లోపల నిలవకుండా వాటి గుండా నేల మీదికి జారిపోతుంది. ఆ రంధ్రాల్లోంచి ఇసుక లోపలికి వచ్చేది. ఎన్నిసార్లు ఊడ్చినా వచ్చేది. నేను విసుక్కుంటే, ఇసుక తిని చచ్చినవాళ్ళెవరూ లేరని పెద్దమామా అనేది.

ఆ వేసవిలో ఇంటివాళ్ళంతా, పెద్దమామాతో సహా, సెలవులకు వేరే దేశం వెళ్ళారు. ఇల్లు మా ఇద్దరి మీదా వదిలారు. ఆగస్టు మొదట్లో ఒక పొద్దున లేచేసరికి వీధిలో ట్యాంకులున్నాయి. ఆ తర్వాతి రోజుల గురించి పెద్ద మాటలు చెప్పను. దుకాణాలు కొల్లగొట్టారు, ఫోన్లు పోయాయి, రొట్టె కోసం బారులు తీరాం. భయం నాకు ఆకలి రూపంలో వచ్చేది, ఏది కనబడితే అది వండేసేదాన్ని. పక్క వీధిలో మా కఫీల్ తమ్ముడు, అంటే మా వీసా యజమాని తమ్ముడు, ఉండేవాడు. ఒకరోజు ఆయన వచ్చి మా పాస్‌పోర్టులూ, వానెట్ తాళాలూ మా ఆయన చేతిలో పెట్టాడు. కారవాన్‌ను సైనికులు ఎత్తుకుపోయే బదులు మమ్మల్నే తీసుకెళ్ళమన్నాడు. అల్లా తోడుండాలన్నాడు. ఆ మనిషి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేనూ ఏడ్చాను.

అప్పటికే మనవాళ్ళు ఎక్కువగా ఉండే పేట అబ్బాసియాలో అందరూ బృందాలుగా బయలుదేరుతున్నారు. బస్రా మీదుగా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేరితే అక్కడి నుంచి విమానాలున్నాయని కబురు. మా బృందానికి పెద్ద ఒక మేస్త్రీ, మా జిల్లావాడే. గోడ కడితే నూలు పట్టినట్టు ఉంటుందని పేరు. మీసం కూడా అలాగే ఉండేది. బస్సొకటి, కార్లు కొన్ని సిద్ధం చేశాడు. మా కారవాన్ చూడగానే మొహం వెలిగింది. ఆడవాళ్ళనూ పిల్లలనూ ఇందులో ఎక్కించొచ్చన్నాడు. ముందుకెళ్ళి ఇనప పెట్టె మూత తెరిచాడు. మొహం మాడింది.

"ఏమ్మా, బాంబును ఎంటబెట్టుకోని యుద్ధంలో యాడికి పోతావు? ఈ బండ ఈడనే దించేయ్."

"దించేస్తే ఆ పసిబిడ్డకు నీళ్ళు దేంతో కాసేదన్నా? నీ మాటలు వేడిగా ఉండాయి కదా అని వాటి మీద కాసేదా?" అన్నాను.

పసిబిడ్డ మాది కాదు. అబ్బాసియాలో టైలరు ఒకాయన ఉండేవాడు, గోదావరి జిల్లావాడు. నెమ్మదస్తుడు. ఆయన భార్యకు కొద్ది నెలల కిందటే కాన్పయింది. ఆడపిల్ల. తల్లికి జ్వరమొచ్చి, పైన ఈ భయం తోడై, పాలు ఎండిపోయాయి. డబ్బా పాలే ఆధారం. డబ్బాలైతే టైలరు ఎలాగో సంపాదించాడు. నీళ్ళు కాచకుండా కలిపితే ఆ ఎండల్లో, ఆ టాంకర్ల నీళ్ళతో, బిడ్డ బతకదు. అప్పటికే ఒకసారి విరేచనాలు పట్టుకుని, పిల్ల కోడిపిల్లంత అయిపోయింది. ఎడారిలో కట్టెలు దొరకవు, కిరసనాయిలు కనబడక చాలా రోజులైంది. ఉన్నదల్లా నా గ్యాస్ బండ. అందుకే పట్టుబట్టాను. ఆ బిడ్డను జోర్డాన్ దాకా ప్రాణాలతో చేర్చాలి, దానికి ఈ బండ మాతో రావాలి. నాకు వేరే ఆలోచన లేదు.

మేస్త్రీ చాలాసేపు మీసం దువ్వుకున్నాడు. "సరే, నీ పంతమే కానీ. దావలో ఒక్కసారి వాసనొచ్చినాదంటే నేనే ఎత్తి ఇసకలో పారేస్తా. అప్పుడు నాతో కొట్లాడద్దు" అన్నాడు. వాసనొస్తే కదా అని నేనూ మాట విసిరాను.

బయలుదేరేముందు రోజంతా నా పని అదే. రెండు బండల్లో ఒకటి ఖాళీది, దించేశాను. నిండుదాన్ని కదిపి చూశాను, పటకా బిగించాను. రబ్బరు గొట్టం చివర ఎండకు పగిలి ఉంటే మా ఆయన చేత ఆ ముక్క కోయించి, మళ్ళీ ఎక్కించి, క్లిప్పు బిగించి, సబ్బు నురగ పూసి చూశాను. పెట్టె మీద ఎండ పడకుండా పాత దుప్పటి కట్టాను. "పెండ్లికూతురికి కూడా ఇంత సింగారం చెయ్యరే" అన్నాడు ఆయన. ఎక్కేవాళ్ళందరికీ చెప్పాను, పెట్టె మూత నేను తప్ప ఎవరూ తాకకూడదని, లోపల అగ్గిపుల్ల గీస్తే దించేస్తానని. నా గొంతు గురించి ఎవరికీ అనుమానం లేదు కాబట్టి అందరూ తలూపారు.

దారి సంగతి చెప్పాలంటే దుమ్ము సంగతే చెప్పాలి. కువైట్‌లో దాన్ని తౌజ్ అంటారు. ఆకాశమే కనబడదు, లైట్లు వేసుకుని నడపాలి. నేను ముందు వానెట్‌లో ఆయన పక్కన కూర్చునేదాన్ని, దారి చూడటానికీ, తిట్టడానికీ. కారవాన్‌లో ఆడవాళ్ళు, పిల్లలు, టైలరు కుటుంబం. ఆగినచోటల్లా నేను దిగి, తలుపు తెరిచి, నేల వాసన చూసి, బండ మర తిప్పి, పొయ్యి వెలిగించి, బిడ్డకు నీళ్ళు కాచి, ఫ్లాస్కులో పోసి, మళ్ళీ అన్నీ కట్టేసేదాన్ని. బస్రా దాటేదాకా అంతా నేననుకున్నట్టే జరిగింది. నీళ్ళు మరిగే చప్పుడు వింటే నాకు గర్వంగా ఉండేది. ఆ చప్పుడు కోసమే కదా అంత గొడవపడ్డాను.

బస్రా దాటాక ఒకచోట నీళ్ళు కాచి దించానో లేదో, వెనక సైనిక లారీలు వచ్చి హారన్లు మోగించాయి. దారి వదలమని కేకలు. ముందు నుంచి మేస్త్రీ "యల్లా, యల్లా" అని అరుస్తున్నాడు. మా ఆయన ఇంజను స్టార్ట్ చేసేశాడు. "మీరెళ్ళండక్కా, నేను కట్టేస్తానండి" అన్నాడు టైలరు. నేను పరిగెత్తి ముందు సీట్లో పడ్డాను. టైలరు కట్టేశాడు, మాట తప్పలేదు. పొయ్యి మర కట్టేశాడు. బయటి పెట్టెలో బండ మర ఒకటుందని ఆయనకు తట్టలేదు. వాళ్ళింట్లో పొయ్యి మర కడితే పని అయిపోయినట్టే.

ఆ తర్వాత రోడ్డు గుంటలమయం. గాలి మరీ ఎక్కువైంది. కిటికీలన్నీ బిగించుకున్నారు. చాలాదూరం పోయాక చెక్‌పోస్టు వచ్చింది. మట్టి గుట్ట, దాని పక్కన గుడిసె, దారికి అడ్డంగా డ్రమ్ములు. అక్కడి సైనికుల్లో పెద్దవాడొకడు, పొట్టా బెల్టూ ఉన్నవాడు, మా కారవాన్ చుట్టూ ఒకసారి తిరిగాడు. చక్రాలు తన్ని చూశాడు. పెళ్ళిచూపులకొచ్చినవాడిలా తృప్తిగా తలూపాడు. కారవాన్ ఇక్కడే ఉంటుంది, మీరంతా బస్సులో ఇరుక్కుని పొండి అన్నాడు. మా ఆయన బతిమాలాడు. మేస్త్రీ బతిమాలాడు. వాడు "ఖలాస్", అయిపోయింది పొమ్మని, చేయి ఊపి, సిగరెట్ పెదవుల మీద పెట్టుకుని తలుపు వైపు నడిచాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. కనీసం బిడ్డను ముందుగా నేనే దించుకోవాలని వాడికంటే ముందు వెళ్ళి తలుపు తెరిచాను. లోపల ఆడవాళ్ళంతా బల్లల మీద కళ్ళు మూసుకుని కూర్చున్నారు. వాంతులు రాకుండా ప్రతి చేతిలో ఒక నిమ్మకాయ, ప్రతి నుదుటి మీదా, ముక్కు కిందా తలనొప్పి మందు. లోపలంతా నిమ్మకాయ, మెంథాలు వాసనలే. బిడ్డ మాత్రం నేల మీద, పరుపు ముక్క మీద పడుకుని ఉంది. కుదుపులకు బల్ల మీది నుంచి పడిపోతుందని తల్లి కింద పడుకోబెట్టింది. ఏ తల్లయినా అలాగే చేస్తుంది.

ఎత్తుకోవడానికి వంగాను. ముక్కు నేలకు దగ్గరైంది. గ్యాస్.

కుళ్ళిన ఉల్లిపాయ వాసన గుప్పుమంది. నేల నిండా నీళ్ళు నిలిచినట్టు గ్యాస్ నిలిచి ఉంది, ఆ మడుగులో బిడ్డ పడుకుని ఉంది. ఒక్క చేత్తో బిడ్డను లాగి గుండెకు అదుముకుని వెనక్కి తిరిగాను. వాడు మెట్టు మీద కాలు పెట్టి ఉన్నాడు. చేతిలో లైటరు. బొటనవేలు దాని చక్రం మీద.

నేను ఏం చేశానో అప్పుడు నాకు తెలియదు, తర్వాత మా ఆయన చెబితే తెలిసింది. ఖాళీగా ఉన్న చేత్తో వాడి ఛాతీ మీద ఒక్క తోపు తోశానట. "గాజ్! గాజ్! బర్రా! బయటికి!" అని అరిచానట. ఎడారిలో మంద కాసుకునేవాళ్ళకు కూడా వినబడేలా అరిచానట. వాడు వెనక్కి పడ్డాడు, లైటరు ఇసుకలో పడింది. గాజ్ అనే మాట వాడికి అర్థమైంది. లేచి పరిగెత్తాడు. పొట్టా బెల్టూ చేతుల్తో పట్టుకుని గుడిసె దాటి, మట్టి గుట్ట దాటి పరిగెత్తాడు. వాడిని చూసి మిగతావాళ్ళు కూడా. మా ఆయన ఎంత కాదన్నా, ఆ ఒక్కడి పరుగు నాది.

"అందరూ దిగండి! చీరలు సర్దుకునేది తర్వాత!" అని అరుస్తూనే ఉన్నాను. ఆడవాళ్ళు దూకారు. మా ఆయన, పాపం, బండిని దూరంగా లాగుదామని వానెట్ ఎక్కి తాళం మీద చెయ్యి వేశాడు. "ఏమయ్యో, తాళం తిప్పినావంటే నిన్ను నేనే చంపుతా! దిగు!" అన్నాను. దిగాడు. ఇంజను నిప్పురవ్వ చాలు, అందరం అక్కడే ఆఖరు.

గాలికి ఎదురుగా, దూరంగా వెళ్ళి కూర్చుని బిడ్డను చూశాను. తెల్లగా పాలిపోయింది. చేతులు వేలాడుతున్నాయి. ఏడవడం లేదు. నా జీవితంలో అంత భయం ఎప్పుడూ వేయలేదు, ట్యాంకులను చూసినప్పుడు కూడా వేయలేదు. తల్లి నా పక్కన కూలబడి "నా తల్లీ, నా తల్లీ" అంటోంది. కొంగుతో విసిరాను, అరికాళ్ళు రుద్దాను, గాలి తగిలేలా మొహాన్ని తిప్పి పట్టుకున్నాను. బిడ్డ ఆవలించింది. మళ్ళీ ఆవలించింది. తర్వాత మొహమంతా ఎర్రగా చేసుకుని కెవ్వుమంది. నేను పెద్దగా నవ్వాను. ఏడుపొస్తోందో నవ్వొస్తోందో కూడా తెలియలేదు.

బిడ్డను తల్లికిచ్చి పెట్టె దగ్గరికి వెళ్ళాను. బండ మర తెరిచే ఉంది, కట్టేశాను. గుంటలకు క్లిప్పు వదులై గొట్టం జారింది. అలా జారినా కారిన గ్యాస్ అడుగు రంధ్రంలోంచి రోడ్డు మీదికి పోవాలి కదా, లోపలికి ఎందుకొచ్చింది? పెట్టె అడుగున, బండి కింది నుంచి చెయ్యి పెట్టి తడిమాను. రంధ్రంలో మెత్తగా ఏదో తగిలింది. లాగితే బయటికొచ్చింది. గుండ్రటి చిన్న దిండు. పువ్వుల గుడ్డ, లోపల దూది, అంచంతా జంట కుట్టు, రంధ్రం కొలతకు అచ్చుగా సరిపోయేలా. పొయ్యి కింది రంధ్రంలో దాని జోడు ఉంది. బయటికి దారి లేక గ్యాస్ గొట్టం పక్క సందు గుండా లోపలికి పారి, నేల మీదే నిలిచిపోయింది. ఆ కుట్టు ఎవరిదో అడగాల్సిన పని లేదు.

"దుమ్మంతా పిల్ల మీద పడతందని చెప్పేసి నేనే కుట్టానండి, అక్కా" అన్నాడు టైలరు. "మూత ముట్టుకోలేదండి, మీరు నీళ్ళు కాచేటప్పుడు కింది నుంచి దూర్చి, గాలి రాకుండా బాగా బిగించానండి. నా పిల్లని నేనే..." నాకు కోపం నెత్తికెక్కింది. కానీ ఆ కుట్టు చూశాక ఆ మనిషిని ఏమనను? కుదుపుల్లో కూర్చుని, ఒక్క పోగు కూడా పక్కకు పోకుండా కుట్టాడు. ఆ కోపాన్ని ఎవరి మీద చూపించాలో తెలియక మా ఆయన మీద చూపించాను. గుంటల్లో అంత దూకుడేంటని కడిగి పారేశాను. ఆయనకు ఇలాంటివి అలవాటే.

తలుపులు, కిటికీలు బార్లా తెరిచి, గాలి ఆ చివర నుంచి ఈ చివరకు పోయేదాకా ఆగాం. నేను మోకాళ్ళ మీద లోపలంతా తిరిగి నేల వాసన చూశాను. ఏమీ లేదని తేలాక కూడా ఇంకాస్త ఆగాను. అంతసేపూ ఆ పొట్టవాడు గుట్ట వెనక నుంచి తల మాత్రం పైకెత్తి చూస్తున్నాడు. ఈ బండి మీ దగ్గరే ఉంచుకుంటారా అని మా ఆయన అమాయకంగా అరబిక్‌లో అడిగాడు. వాడు రెండు చేతులూ ఊపాడు. "యల్లా, యల్లా! రూహ్! తీసుకుపోండి దీన్ని!" వాడి మనుషులే పరిగెత్తుకొచ్చి డ్రమ్ములు పక్కకు జరిపారు. చెక్‌పోస్టు కనుమరుగయ్యేదాకా బిగబట్టుకుని, ఆ తర్వాత వానెట్‌లో మేమిద్దరం కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాం. వెనక బస్సులో కూడా ఈలలు వేస్తున్నారు.

నవ్వు ఎంతోసేపు నిలవలేదు. కాస్త దూరం పోయాక మేస్త్రీ బండ్లన్నీ ఆపించి, స్పానరు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"వాసనొచ్చినాది. మాట మాటేనమ్మా. దించుతా."

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. కారవాన్ నిండా పిల్లలున్నారు, పేలి ఉంటే ఒక్కరూ మిగిలేవాళ్ళు కాదు. కానీ జోర్డాన్ ఇంకా చాలా దూరం. ఫ్లాస్కులో నీళ్ళు అయిపోయాయి. ఈ బిడ్డ రేపు ఏం తాగుతుంది?

"మాటిచ్చినా, కాదనను" అన్నాను. "దించేముందు ఒక్కసారి చూడన్నా. తప్పు బండది కాదు. దాని దావ మనమే మూసినాం. ఆ దావ ఇప్పుడు తెరిచినా. గొట్టం బిగిస్తా, నురగ పూస్తా. ఒక్క బుడగ లేచినా నువ్వు ఎత్తాల్సిన పని లేదు, నేనే ఎత్తి పారేస్తా."

నేను గిన్నెలో సబ్బు తురిమి నురగ చేశాను. మా ఆయన గొట్టం లోపలిదాకా తోసి క్లిప్పు బిగించాడు. ఈసారి దాని వెనకే ఇంకో క్లిప్పు కూడా వేశాడు, వానెట్ సామాన్లలోంచి తీసి. అందరూ చుట్టూ మూగారు. బండ మర కొద్దిగా తిప్పి నురగ పూశాను. బండ మెడ దగ్గర, రెగ్యులేటరు దగ్గర, గొట్టం రెండు చివర్లా. సరిగ్గా అప్పుడే బిడ్డ మళ్ళీ అందుకుంది. ఆకలి ఏడుపు. తల్లికి కళ్ళు తిరుగుతున్నాయని ఎవరో నీడలో కూర్చోబెట్టారు, టైలరేమో ఆవిడకు విసురుతున్నాడు. నా చేతులు మోచేతుల దాకా సబ్బు. ఎవరు తీసుకొచ్చారో ఏమో, బిడ్డ చివరికి మేస్త్రీ చేతుల్లో తేలింది.

ఆ మనిషి బిడ్డను పట్టుకున్న తీరు చూడాలి. పచ్చి గోడ మీద చెయ్యి పడుతుందేమోనన్నట్టు మోచేతులు ఎత్తిపెట్టి, కదలకుండా నిలబడ్డాడు. బిడ్డ ఊరుకుంటుందా? ఆయన మీసం ఒక పక్క గుప్పిట పట్టి, అది లాగుతూ, ఇంకా పెద్దగా ఏడ్చింది. నేను నింపాదిగా నురగ చూస్తున్నాను. బుడగ లేదు. ఇంకోసారి పూశాను. బుడగ లేదు.

"ఎంతసేపమ్మా ఈ నురగ ఆట?" మేస్త్రీ అరిచాడు. "బిడ్డ నోరెండిపోతాండాది! బిరీన పొయ్యి ముట్టియ్యి!"

స్పానరు ఎప్పుడో ఇసుకలో పడేశాడు.

నేను పొయ్యి ముట్టించాను. కిటికీ తెరిచి, తలుపు తెరిచి, అందరినీ కింద నిలబెట్టి. నీలి మంట నిలకడగా లేచింది. నీళ్ళు మరిగాయి, చల్లారాయి, పాలు కలిశాయి. బిడ్డ మేస్త్రీ చేతుల్లోనే తాగింది. ఇవ్వమంటే ఇవ్వడు. తాగిందాకా ఆగమన్నాడు, తాగాక తేన్పు వచ్చిందాకా ఆగమన్నాడు.

ఆ తర్వాత మా వంటిల్లు ఒక్క బిడ్డది కాదు. జోర్డాన్ సరిహద్దు దగ్గర శిబిరంలో, లెక్కలేనన్ని డేరాల మధ్య, మా కారవాన్ ముందు పాలసీసాలు పట్టుకుని తల్లులు బారులు తీరారు. తెలుగువాళ్ళు, మలయాళీలు, సింహళం వాళ్ళు, బెంగాలీ వాళ్ళు. ఏ భాష రాకపోయినా పాలసీసా చూపిస్తే చాలు. గ్యాస్ పొదుపు చేయడానికి పెద్దలెవరికీ టీ చుక్క ఇవ్వలేదు, మా ఆయనకు కూడా. ఆయన ఇప్పటికీ దెప్పుతాడు. మెట్టు దగ్గర కాపలా మేస్త్రీది. ఎవరైనా బీడీ వెలిగించి అటు వచ్చారా, "ఆర్పు! ఆర్పురా అబ్బా! ఆ పక్క పో!" అని గద్దించేవాడు. నేల రంధ్రాల మీద గుడ్డ ముక్క కూడా పడకుండా చూసే పని టైలరు తీసుకున్నాడు. రోజుకు ఎన్నిసార్లు వంగి చూసేవాడో. మా వంతు వచ్చి అమ్మాన్ బస్సు ఎక్కేటప్పుడు, శిబిరంలో వండిపెట్టే వాళ్ళకు కారవాన్ అప్పగించాం. బండలో అప్పటికీ గ్యాస్ మిగిలే ఉంది. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఛాతీ పొంగుతుంది.

విమానం నిండా మాలాంటివాళ్ళే. ఎవరి దగ్గరా సామాన్లు లేవు, ఎవరికీ సరైన నిద్ర లేదు. విమానం పైకి లేవగానే చాలామంది కళ్ళు మూసుకున్నారు. సరిగ్గా అప్పుడు మా బిడ్డ మొదలుపెట్టింది. ఎడారి దాటే ముందు కోడిపిల్లంత ఉన్న బిడ్డ, విమానం ఈ చివర నుంచి ఆ చివర దాకా వినబడేలా, ఊపిరితిత్తులన్నీ వాడుకుని ఏడ్చింది. టైలరు జోకొట్టాడు, తల్లి జోకొట్టింది. ఊహూ. మనుషులు తలలు తిప్పి చూడటం మొదలుపెట్టారు. వెనక నుంచి ఒకాయన విసుగ్గా అడిగాడు.

"ఎవరిదండీ ఆ పిల్ల?"

టైలరు క్షమించమని అడగబోతూ లేచాడు. ఆయన నోరు తెరిచేలోపే ముందు వరసలో మేస్త్రీ నిలబడి వెనక్కి తిరిగాడు.

"మాది" అన్నాడు. "ఏడ్చనీ."